ప్యాకేజీ సరే... ప్యాకేజింగ్ సంగతేంటి?

మీ రెజ్యూమెలో గిట్‌హబ్ లింకు ఉండే ఉంటుంది. దాన్ని ఒక్కసారి ఇంటర్వ్యూ చేసేవాళ్ల కళ్లతో తెరిచి చూడండి. టు-డూ యాప్ ఒకటి, వాతావరణం చూపించే యాప్ ఒకటి, ఫైనలియర్ ప్రాజెక్టు ఒకటి. కోడ్ బాగానే ఉంది. కానీ ‘రిలీజెస్’ అని ఉండే చోట ఏమీ లేదు. అంటే మీరు రాసింది మీ ల్యాప్‌టాప్ దాటి బయటకు రాలేదన్నమాట. ముక్కూముఖం తెలియని మనిషి ఎవరూ దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోలేదు. ‘నా ఫోన్లో ఇది పనిచేయట్లేదు’ అని మీకు ఫిర్యాదు రాయలేదు. మీరు సరిచేసి కొత్త వెర్షన్ పంపలేదు.

ఉద్యోగంలో చేరాక మీరు రోజూ చేయాల్సింది మాత్రం సరిగ్గా ఆ పనే.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం భూమి గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. అప్పటి నుంచి కోకాపేట పేరెత్తితే మన కాలేజీల్లో భూమి ధర, టవర్ల ఎత్తు, అక్కడ ఇచ్చే ప్యాకేజీల గురించే మాట. ఆ టవర్లలో, పక్కనే ఉన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, నానక్‌రామ్‌గూడలో పొద్దున్నుంచి రాత్రి దాకా జరిగే పని ఏమిటో మాత్రం ఎవరూ అడగరు. కొత్త కోడ్ రాయడం అందులో కొంతే. ఎప్పుడో ఎవరో రాసినదాన్ని మార్చడం, ఆ మార్పు వేరే దేన్నీ చెడగొట్టలేదని తేల్చుకోవడం, ప్యాక్ చేయడం, అనేక భాషల్లో వాడేవాళ్లకు వేళకు అందించడం... మిగతాదంతా ఇదే. ప్యాకేజీ ఎంత అని అడిగేవాళ్లు బోలెడుమంది. ప్యాకేజింగ్ ఎలా అని అడిగేవాళ్లే తక్కువ.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో రిలీజ్‌లను, అనువాదాలను ఆటోమేట్ చేసే పని నేర్చుకోండి. ఫ్రెషర్‌కు అందుబాటులో ఉండి, అసలైన ఉద్యోగానికి ఇంత దగ్గరగా ఉన్న పని నాకు మరొకటి కనిపించలేదు. ఈ పనిలో యంత్రానికి ఏది అప్పగించాలి, మనిషి చేతిలో ఏది ఉంచుకోవాలి అన్న తేడా తెలియడమే అసలు నైపుణ్యం. ప్యాకేజింగ్‌లో మనిషి చెయ్యి ఎంత తగ్గితే అంత మంచిది. తెలుగు వాక్యంలోంచి మనిషిని తీసేస్తే మాత్రం చిక్కే.

షూటింగ్ అయితే సినిమా అయినట్టు కాదు

షూటింగ్ పూర్తయిన రోజే సినిమా థియేటర్‌కు రాదు కదా. ఎడిటింగ్, డబ్బింగ్, సెన్సార్ అన్నీ ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కూ అంతే. ఒక వెర్షన్ బయటకు రావాలంటే ముందు దానికి ఒక నంబరు ఇవ్వాలి. ఆ నంబరుకూ ఒక పద్ధతి ఉంది. 2.4.1 అని ఉంటే చివరి అంకె చిన్న రిపేర్లకు, మధ్య అంకె కొత్త సదుపాయాలకు, మొదటి అంకె పాత వాడకాన్ని దెబ్బతీసే పెద్ద మార్పులకు. తర్వాత ఈ వెర్షన్లో ఏం మారిందో రాయాలి. టెస్టులు నడపాలి. అన్ని భాషల అనువాదాలను తెచ్చి కలపాలి. విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి, ఆండ్రాయిడ్‌కు ఒకటి తయారుచేయాలి. ఎవరూ మధ్యలో మార్చలేదని చూపించడానికి చెక్‌సమ్ లెక్కకట్టి, డిజిటల్ సంతకం పెట్టాలి. అప్పుడు అప్‌లోడ్ చేయాలి.

ఇదంతా చేత్తో చేస్తే ఏమవుతుందో ఊహించండి. చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నడిపేది ఒకరిద్దరే. పగలంతా ఆఫీసు పని చేసి, రాత్రి పదకొండింటికి కూర్చుని ఈ మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కాలి. ఒక మెట్టు మరిచిపోతే మళ్లీ మొదటికి. అందుకే ‘తర్వాత చూద్దాం’ అనుకుంటారు. సరిచేసిన బగ్ నెలల తరబడి వాడేవాళ్లకు చేరదు.

ఆటోమేట్ చేసిన ప్రాజెక్టులో పద్ధతి వేరు. మెయింటెయినర్ కోడ్‌కు వెర్షన్ నంబరుతో ఒక ట్యాగ్ పెడతారు. అంతే. గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ సీఐ లాంటివి ఆ ట్యాగ్‌ను చూసి మిగతా మెట్లన్నీ వరసగా ఎక్కేస్తాయి. టెస్టు ఒక్కటి ఫెయిలైనా అక్కడే ఆగిపోతాయి. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో లాగ్‌లో అందరికీ కనిపిస్తుంది.

అర సెకను చెప్పిన పాఠం

‘సౌకర్యం కోసమే కదా ఇదంతా’ అనుకుంటే ఎక్స్‌జెడ్ యుటిల్స్ సంగతి తెలుసుకోవాలి. ఇది ఫైళ్లను కుదించే ఒక చిన్న ఓపెన్ సోర్స్ సాధనం. లినక్స్ ప్రపంచమంతా వాడుతుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఏళ్ల తరబడి దానికి బుద్ధిగా మార్పులు పంపుతూ, అలిసిపోయి ఉన్న మెయింటెయినర్ నమ్మకం సంపాదించి, తనే రిలీజ్‌లు చేసే స్థాయికి చేరారు. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొంగదారి పెట్టారు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ దొంగదారిని పనిచేయించే కీలకమైన స్క్రిప్టు అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలో లేదు. రిలీజ్ కోసం విడిగా తయారుచేసి పెట్టిన ఆర్కైవ్ ఫైల్లో మాత్రమే ఉంది. కోడ్ చదివినవాళ్లు చదివింది ఒకటి, డిస్ట్రిబ్యూషన్లు తీసుకున్నది మరొకటి. ఆ రెండింటి మధ్య ఖాళీలోనే దొంగ దూరాడు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పని మీద టెస్టులు చేస్తుంటే సర్వర్ లాగిన్‌కు దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చింది. వదిలేయకుండా తవ్వారు. 2024 మార్చి 29న లోకానికి చెప్పారు. అప్పటికి ఆ వెర్షన్ డెబియన్, ఫెడోరాల ప్రయోగ దశ వెర్షన్లలోకి వచ్చేసింది. మామూలు జనం వాడే స్థిరమైన వెర్షన్లకు ఇంకా చేరలేదు కాబట్టి గండం గడిచింది.

రిలీజ్ ఫైల్ ఎవరి ల్యాప్‌టాప్‌లోనో, ఎవరికీ కనిపించకుండా తయారవకూడదన్నది ఇందులో పాఠం. బహిరంగంగా ఉన్న కోడ్ నుంచి, బహిరంగంగా ఉన్న స్క్రిప్టుతో, ఎవరు మళ్లీ చేసినా అదే ఫలితం వచ్చేలా తయారవ్వాలి. డెబియన్ లాంటి ప్రాజెక్టులు ‘రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్’ పేరుతో ఏళ్లుగా శ్రమిస్తున్నది దీనికోసమే. ఒకే కోడ్‌ను ఇద్దరు వేర్వేరు చోట్ల బిల్డ్ చేస్తే బిట్ తేడా లేకుండా ఒకే ఫైల్ రావాలి. రాకపోతే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టు.

అలాగని ఆటోమేషన్ తాయెత్తు కాదు, కట్టుకుంటే అన్నీ పోవడానికి. 2025 మార్చిలో గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా రిపాజిటరీలు వాడుతున్న ఒక రెడీమేడ్ యాక్షన్‌ను దుండగులు మార్చేశారు. పాత వెర్షన్ ట్యాగ్‌లను కూడా తమ కోడ్ వైపు తిప్పారు. దాంతో కొన్ని ప్రాజెక్టుల రహస్య తాళాలు లాగ్‌లలో బయటపడ్డాయి. ట్యాగ్ పేరును నమ్మకుండా పూర్తి కమిట్ హ్యాష్‌నే రాసుకున్న చాలా ప్రాజెక్టులకు ఆ బెడద తప్పింది. ఇంకొకరి యాక్షన్ వాడేటప్పుడు హ్యాష్‌కు కట్టేయడం, పైప్‌లైన్‌కు అవసరమైనంత అనుమతే ఇవ్వడం, శాశ్వతమైన పాస్‌వర్డ్‌ల బదులు కొద్దిసేపే పనిచేసే టోకెన్లు వాడడం... ఇవి వినడానికి చిన్నవే. ఇంటర్వ్యూలో ఈ మూడింటికీ ‘ఎందుకు’ చెప్పగలిగిన ఫ్రెషర్‌ను ఎవరూ తేలిగ్గా పంపించేయరు.

ఒక వాక్యం తెలుగులోకి వచ్చే దారి

ఇప్పుడు అనువాదాల దగ్గరికి వద్దాం. సాఫ్ట్‌వేర్‌లో మీకు కనిపించే ప్రతి మాటనూ కోడ్‌లోంచి విడదీసి వేరే ఫైల్లో పెట్టడం మొదటి మెట్టు. దీనికి ఎక్కువగా వాడేది గ్నూ గెట్‌టెక్స్ట్. 1995 నుంచి ఉంది, ఇప్పటికీ పాతబడలేదు. అది కోడ్‌లోని వాక్యాలన్నీ ఏరి ఒక నమూనా ఫైల్ చేస్తుంది. ప్రతి భాషకూ దాన్నుంచి ఒక పీవో ఫైల్ పుడుతుంది. అనువాదకులు దాన్ని నింపుతారు. రిలీజ్ సమయంలో అది కంప్యూటర్ చదివే రూపంలోకి మారుతుంది.

చిక్కంతా రెండో రిలీజ్ నుంచి మొదలవుతుంది. ‘ఫైల్‌ను తొలగించు’ అనే బటన్ కొత్త వెర్షన్లో ‘ఫైళ్లన్నీ తొలగించు’ అయ్యిందనుకోండి. ఇంగ్లిష్ వాక్యం మారింది. తెలుగు ఫైల్లో మాత్రం పాత మాటే ఉంది. అదే బయటకు వెళ్తే? ఒక్క ఫైలే కదా అని నొక్కిన మనిషి ఫోటోలన్నీ పోగొట్టుకుంటాడు. అందుకే గెట్‌టెక్స్ట్ ఇలాంటివాటికి ‘ఫజీ’ అని గుర్తు పెడుతుంది. మనిషి చూసి సరే అనేదాకా వాటిని రిలీజ్‌లో చేర్చదు. వాడేవాళ్లకు ఆ ఒక్క బటన్ ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. తప్పు తెలుగు కంటే సరైన ఇంగ్లిష్ నయమని ఆ సాధనం తయారుచేసినవాళ్లు ఎప్పుడో తేల్చేశారు.

ఈ ఫైళ్లను మెయిళ్లలో అటూ ఇటూ పంపుకొనే రోజులు పోయాయి. చెక్ డెవలపర్ మిహాల్ చిహార్జ్ 2012లో మొదలుపెట్టిన వెబ్లేట్‌ను ఇప్పుడు ఫెడోరా, లిబ్రెఆఫీస్ లాంటి పెద్ద ప్రాజెక్టులు వాడుతున్నాయి. అనువాదకులు బ్రౌజర్లో వాక్యం రాస్తే అది దానంతటదే గిట్‌లోకి చేరుతుంది. మొజిల్లాకు పాంటూన్ ఉంది. మీడియావికీకి ట్రాన్స్‌లేట్‌వికీ ఉంది. కేడీఈలో ‘స్క్రిప్టీ’ అనే స్క్రిప్టు ప్రతి రాత్రీ కోడ్‌లోని కొత్త వాక్యాలను ఏరి అనువాదకుల ముందు పెడుతుంది. ఫైర్‌ఫాక్స్ 2020 నుంచి దాదాపు నాలుగు వారాలకో వెర్షన్ తెస్తోంది. అన్ని భాషల్లో అంత వేగంగా రావాలంటే ఈ పైప్‌లైన్ లేకుండా కుదిరే పనేనా?

దీనివల్ల మనకు లాభం ఏంటంటే, తెనాలిలో ఉన్న తెలుగు టీచరుకు గిట్ రానక్కర్లేదు. వరంగల్‌లో ఉన్న డెవలపర్‌కు వ్యాకరణం రానక్కర్లేదు. ఇద్దరి మధ్యా వంతెన కట్టేవాళ్లు కావాలి. ఆ వంతెన కట్టే ఉద్యోగానికి లోకలైజేషన్ ఇంజినీర్ అని పేరు. ఇంజినీరింగ్ చదివి, తెలుగు బాగా వచ్చినవాళ్లు దీనికి సగం అర్హత ఇంట్లోనే సంపాదించుకున్నట్టు.

‘రవికు’ అన్న యాప్‌ను ఎవరు నమ్ముతారు?

‘ఏఐ ఉంది కదా, అనువాదాలన్నీ దానికే ఇచ్చేస్తే పోలా?’ అని మీకు అనిపించొచ్చు. చిత్తుప్రతికి వాడుకోండి, తప్పులేదు. కానీ దాన్ని మనిషి చూడకుండా రిలీజ్‌లోకి తోసే పైప్‌లైన్ మాత్రం కట్టొద్దు. ఎందుకో నాలుగు ఉదాహరణలు చెప్తాను.

మెసేజ్ పంపే యాప్‌లో ఒక ఖాళీ ఉంటుంది. అందులో ఎవరి పేరైనా వస్తుంది. దాని పక్కన ‘కు’ పెట్టారనుకోండి. రాధకు, కిరణ్‌కు సరిపోతుంది. రవి వచ్చాడంటే ‘రవికు’ అవుతుంది. ‘కి’ పెడితే లక్ష్మికి సరిపోయి, రాధ దగ్గర చాలామందికి చెవిలో గుచ్చుకుంటుంది. ఇంగ్లిష్‌లో అసలు లేని చిక్కు ఇది. తెలుగు తెలిసిన ఇంజినీరైతే వాక్యాన్నే మార్చేస్తారు. ‘అందుకునేవారు:’ అని రాసి పక్కన పేరు పెడతారు. విభక్తి బెడదే ఉండదు.

రెండోది, ఎవరో గ్రూపులో చేరారని చెప్పే వాక్యం. ఇంగ్లిష్ క్రియకు ఆడామగా తేడా లేదు. తెలుగులో ‘చేరాడు’ అంటే సగం మందికి తప్పు. ‘చేరారు’ అంటే అందరికీ మర్యాద. మూడోది పదాల వరస. ‘పదింటిలో మూడు’ అని మనం మొత్తాన్ని ముందు చెప్తాం. ఇంగ్లిష్ మూడును ముందు చెప్తుంది. ప్రోగ్రామర్ ఆ రెండు అంకెల స్థానాలను మార్చుకునే వీలు ఇవ్వకపోతే అనువాదకులు ఎంత గొప్పవాళ్లైనా ఏమీ చేయలేరు. నాలుగోది ‘ఓపెన్’ అన్న మాట. అది ‘తెరువు’ అనే ఆజ్ఞా, ‘తెరిచి ఉంది’ అనే స్థితా? సందర్భం రాయకుండా మాటను ఒక్కదాన్నే పంపితే మనిషికైనా తెలియదు, యంత్రానికైనా తెలియదు.

యంత్రం బ్రహ్మాండంగా చేసే పనులు వేరే ఉన్నాయి, అవి దానికే ఇవ్వండి. అసలు వాక్యంలో రెండు ఖాళీలుండి అనువాదంలో ఒకటే ఉంటే పట్టేయడం. లక్షను 1,00,000 అని మన పద్ధతిలో చూపిస్తోందో లేదో చూడడం. గుణింతాలు, ఒత్తులు బటన్ అంచు దగ్గర తెగిపోతున్నాయేమో స్క్రీన్‌షాట్లు తీసి పోల్చడం. ఇలాంటివి మనిషి విసుగుతో వదిలేస్తాడు. స్క్రిప్టుకు విసుగు రాదు.

తెలుగుతో టెస్టు చేయడం చిన్న విషయం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను పోలిన ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకుంది. యాపిల్ ఐవోఎస్ 11.2.6 తెచ్చి సరిచేయాల్సి వచ్చింది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని తెరమీద చూపించాల్సిన సాఫ్ట్‌వేర్‌ది. ప్రతి బిల్డ్‌లో నాలుగు కష్టమైన తెలుగు మాటలు పెట్టి చూసే టెస్టు ఎంత విలువైనదో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. ‘జ్ఞానం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘వస్త్రం’ చాలు మొదలుపెట్టడానికి.

గచ్చిబౌలి దూరమేం కాదు

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగే పని అనుకోవద్దు. కోకాపేట నుంచి కాస్త దూరంలోనే, గచ్చిబౌలి కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ ఉంది. గ్నూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి, దాన్నే స్వేచ్ఛ పేరుతో ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఇచ్చింది వాళ్లే. పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ కూడా తెచ్చారు. ఆ పనిలో మన ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు పెద్ద సంఖ్యలో చెయ్యివేశారు. గచ్చిబౌలిలోనే ఉన్న ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మెనూల్లో మీరు చదివే తెలుగు కూడా వాలంటీర్లు రాసిందే. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్... అన్నిటికీ తెలుగు అనువాదాలున్నాయి.

వీటన్నిటికీ ఉన్న గండం ఒక్కటే. విద్యార్థిగా ఉన్నప్పుడు ఉత్సాహంగా చేసినవాళ్లు ఉద్యోగం రాగానే తీరిక లేక తప్పుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు, బతుకు అలాంటిది. కానీ సాఫ్ట్‌వేర్ ఆగదు. ప్రతి వెర్షన్లో కొత్త వాక్యాలు పుడుతూనే ఉంటాయి. నిన్న పూర్తిగా తెలుగులో ఉన్న మెనూ రేపటికి సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌గా మారుతుంది. గ్నోమ్ లాంటి ప్రాజెక్టులు వాక్యాల్లో 80 శాతం అనువాదమైతేనే ఆ భాషకు మద్దతు ఉన్నట్టు లెక్క చూపేవి. ఒకసారి ఎక్కడం కంటే అక్కడ నిలబడడం కష్టం.

నిలబెట్టేది ఆటోమేషనే. కొత్త వాక్యాలు రాగానే కబురు పంపే స్క్రిప్టు, ఎన్ని మిగిలాయో చూపే పేజీ, రిలీజ్‌కు ముందు కొన్నాళ్లు వాక్యాలు మార్చకూడదని ఆపే నియమం ఉంటే, పాతవాళ్లు వెళ్లిపోయినా కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మీరు సీనియర్ల నుంచి నోట్సు తీసుకున్నట్టే, తర్వాతి బ్యాచ్‌కు వదిలి వెళ్లే నోట్సు ఈ పైప్‌లైన్.

చెడ్డపేరు తెచ్చే దారి

ఇక్కడో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ ఫైల్లో ఒక పదం చేర్చడం, తమ పేరు రాసుకోవడం లాంటి పనికిరాని మార్పులు వేలాదిగా వచ్చిపడ్డాయి. అందులో మన దేశ విద్యార్థుల వాటా తక్కువేం కాదు. మెయింటెయినర్లు తలలు పట్టుకున్నారు. చివరికి ప్రాజెక్టులు తమంతట తాము ఒప్పుకుంటేనే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు నియమం మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు అదే తప్పు కొత్త రూపంలో చేసే వీలుంది. ఏఐతో వెయ్యి వాక్యాలు ఒక్క గంటలో తెలుగు చేసి పంపేయొచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఆ వెయ్యింటిలో తప్పులు వెతకడానికి ఇంకొకరికి నెల పడుతుంది. సరిగ్గా చూసి పంపిన ఇరవై వాక్యాలు మీ పేరును నిలబెడతాయి. గిట్ చరిత్రలో అవి చెరిగిపోవు. అలాగే ఆ వెయ్యి కూడా చెరిగిపోదు.

‘జీతం లేని పని మాకెందుకు?’

న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో అప్పుంది, హాస్టల్ ఫీజుంది, పార్ట్‌టైమ్ చేస్తే తప్ప గడవదు అనేవాళ్లను ఉచితంగా నెలల తరబడి పనిచేయమని నేను చెప్పను. ఓపెన్ సోర్స్ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని కూడా చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ ఒక పోలిక చూడండి. డెవాప్స్ కోర్సుకు వేలకు వేలు కట్టి టూల్స్ పేర్లు నేర్చుకుంటున్నారు. డాకర్, జెంకిన్స్, కుబెర్నెటీస్ అని రెజ్యూమెలో వరసగా రాస్తున్నారు. ‘వీటితో ఏం బయటకు పంపావు?’ అంటే మాట పడిపోతుంది. కోర్సులో ల్యాబ్ ఉంటుంది, వాడేవాళ్లు ఉండరు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో వాడేవాళ్లుంటారు. మీ పైప్‌లైన్ చెడిపోతే వాళ్లకు తెలుస్తుంది. ఆ భయంలోనే అసలు చదువుంది.

‘తెలుగులో సాఫ్ట్‌వేర్ ఎవరు వాడతారు?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. మీరు వాడకపోవచ్చు. మీ అమ్మమ్మ బ్యాంకు యాప్, మీ ఊళ్లో పింఛను తీసుకునే మనిషి చేతిలోని ఫోను వాడతాయి. పైగా తెలుగు కోసం నేర్చుకున్న పద్ధతి తమిళానికీ జపనీస్‌కూ పనికొస్తుంది. కంపెనీలు కొనేది ఆ పద్ధతినే.

నాలుగు వారాంతాలు చాలు

మొదటి వారాంతంలో మీ సొంత ప్రాజెక్టునే తీసుకోండి. లైసెన్సు పెట్టండి, వెర్షన్ నంబరు ఇవ్వండి, మార్పుల జాబితా రాయండి. ట్యాగ్ పెట్టగానే బిల్డ్ అయ్యి రిలీజ్ పేజీకి చేరేలా వర్క్‌ఫ్లో రాయండి. బహిరంగ రిపాజిటరీలకు గిట్‌హబ్ యాక్షన్స్ మామూలు రన్నర్లు ఉచితమే.

రెండో వారాంతంలో అందులోని మాటలన్నీ కోడ్‌లోంచి బయటకు తీయండి. తెలుగు ఫైల్ చేయండి. రాసింది గట్టిగా చదివి ఇంట్లోవాళ్లకు వినిపించండి. వాళ్లకు అర్థం కాని మాట ఉంటే మార్చండి. ‘సేవ్’, ‘ఫైల్’ లాంటివి అందరికీ తెలిసిన మాటలైతే వాటినే ఉంచండి. తెలుగు చేయాలన్న పట్టుదలతో ఎవరూ పలకని మాట పుట్టించొద్దు.

మూడో వారాంతంలో మీరు నిజంగా వాడే చిన్న ప్రాజెక్టు ఒకటి ఎంచుకోండి. కొత్తవాళ్ల కోసం రాసిన సూచనలు చదవండి. రిలీజ్ ఎలా చేస్తున్నారో చూడండి. ఎక్కడైనా చేత్తో చేసే మెట్టు కనిపిస్తే కోడ్ పంపే ముందు ‘ఇది ఆటోమేట్ చేయనా?’ అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. వాళ్లకు కారణం ఉండొచ్చు, అది తెలుసుకోవడమూ చదువే.

నాలుగో వారాంతంలో చేసిందంతా ఒక పేజీలో రాయండి. మీరు లేని రోజున మీ జూనియర్ ఆ పేజీ చూసి ఒంటరిగా రిలీజ్ చేయగలగాలి. చేయించి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడ మీ రాత సరిపోలేదన్నమాట.

ఇక ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ దగ్గర టూల్స్ జాబితా కాదు, జరిగిన పని ఉంటుంది. ముందు చేత్తో ఎన్ని మెట్లు ఉండేవి, ఇప్పుడు ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిని కావాలనే మనిషికి ఎందుకు వదిలారు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ‘రవికి’, ‘రాధకు’ తేడా గుర్తుచేసుకోండి. ఆ తేడా మీకు పుట్టుకతో వచ్చింది. దాన్ని పైప్‌లైన్లో ఎక్కడ ఉంచాలో మాత్రం మీరే నేర్చుకోవాలి.